గోనెపట్టా మోసిన పిల్లవాడు

మహారాష్ట్ర బడుల్లో ఏటా నవంబరు 7ను విద్యార్థి దినంగా జరుపుతారు. 1900లో ఆ రోజున సాతారాలోని ప్రభుత్వ పాఠశాలలో భీవా అనే పిల్లవాడు చేరాడు. తర్వాతి కాలంలో డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్‌గా లోకానికి తెలిసింది అతనే. ఆయన రాజ్యాంగ రచన గురించి మన పిల్లలు పాఠాల్లో చదువుతూనే ఉన్నారు. తొమ్మిదేళ్ల వయసులో ఆ పసిమనసు ఏం మోసిందో కూడా వారు తెలుసుకోవాలి.

భీవా 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి రామ్‌జీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. ఆయన ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం సాతారా చేరింది. అక్కడే తల్లి భీమాబాయి కన్నుమూసింది. మేనత్త ఆ పిల్లలను సాకింది. ఇంట్లో తిండికి లోటు లేదు, చదువంటే తండ్రికి ప్రాణం. అయితే వారు మహర్ కులస్థులు. ఆ రోజుల్లో వారిని అంటరానివారిగా చూసేవారు.

బడిలో భీవా మిగతా పిల్లల పక్కన కూర్చోకూడదు. ఒక మూల గోనెపట్టా పరుచుకుని కూర్చునేవాడు. బడి ఊడ్చే మనిషి కూడా ఆ పట్టాను ముట్టదు కాబట్టి సాయంత్రం ఇంటికి మోసుకెళ్లి, మర్నాడు మళ్లీ తెచ్చుకోవాలి. దాహమైతే మిగతా పిల్లలు కుళాయి తిప్పుకుని తాగేవారు. అతను మాత్రం కుళాయి ముట్టకూడదు, బడి జవాను వచ్చి తిప్పాలి. జవాను లేని రోజున నీళ్లూ లేవు. ఊళ్లో మంగలి జుట్టు కత్తిరించడు కాబట్టి ఆ పని అక్కే చేసేది.

1901లో తండ్రి కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తూ వేసవి సెలవులకు పిల్లలను రమ్మన్నారు. భీవా, అన్న, చనిపోయిన పెద్దక్క కొడుకులు కొత్త బట్టలు, జరీ టోపీలు, కొత్త బూట్లు వేసుకుని సంబరంగా రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వీరు వస్తున్నట్టు రాసిన ఉత్తరం తండ్రి చేతికి అందలేదు. స్టేషన్ మాస్టరు మొదట ఆప్యాయంగా పలకరించాడు. కులం తెలిశాక ఆయన ముఖం మారిపోయింది. బండ్లవాళ్లు ఎవరూ ఎక్కించుకోలేదు. చివరికి ఒకతను రెట్టింపు కిరాయికి ఒప్పుకున్నాడు, పిల్లలే బండి తోలాలనే షరతు మీద. అతను పక్కన నడిచాడు. వెంట అన్నం ఉంది, తాగడానికి చుక్క నీరు లేదు. టోల్ వసూలుదారు గుడిసె దగ్గర ముస్లింలమని చెప్పి అడిగినా నీళ్లు దొరకలేదు. ఆ రాత్రి పిల్లలు ఆకలితోనే పడుకున్నారు.

ముప్పై ఏళ్లు దాటాక ఆయన ఈ ప్రయాణాన్ని ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అనే ఆత్మకథాత్మక రచనలో ప్రతి చిన్న వివరంతో రాశారు. అందులో ఒక సంగతి ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించాలి. గోనెపట్టా, జవాను, కుళాయి అతనికి అంతకుముందే తెలుసు. లోకమంటే అలాగే ఉంటుందని ఆ పిల్లవాడు అనుకున్నాడు. ఈ ప్రయాణం తర్వాతే అది ఎందుకలా ఉండాలని ఆలోచించడం మొదలుపెట్టాడు. చిన్నచూపుకు గురైన పిల్లలు చాలామంది ఆ మొదటి దశలోనే ఉండిపోతారు. జరిగేది అన్యాయమని వారికి తోచదు, తమలోనే ఏదో లోపం ఉందనుకుంటారు. అందుకే ఫిర్యాదు కూడా చేయరు.

సాతారా రోజుల్లో భీవాకు చదువు మీద ధ్యాస ఉండేది కాదు. తండ్రి రెండో పెళ్లి ఆ పిల్లవాడి మనసుకు మరో దెబ్బ. బొంబాయి పారిపోయి మిల్లులో పనికి కుదరాలనుకుని, రైలు ఖర్చుకు మేనత్త డబ్బుల సంచి దొంగిలించాడు. అందులో దొరికింది అర్ధణా! ఆ నిరాశతోనే చదివి సొంత కాళ్ల మీద నిలబడాలని నిశ్చయించుకున్నాడు. అప్పుడు అతన్ని తరగతిలో చూసినవారు మొండివాడనో, మందబుద్ధి అనో అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

అతన్ని నిలబెట్టినవారు కొందరున్నారు. సాతారాలో అంబేడ్కర్ అనే బ్రాహ్మణ ఉపాధ్యాయుడు తన భోజనంలో భాగం పెట్టేవారని జీవిత చరిత్రకారులు రాశారు. బొంబాయిలో ఒకే గది ఇంట్లో కొడుకు చదువుకోవడానికి తండ్రి తన నిద్ర మానుకున్నారు. 1907లో మెట్రిక్యులేషన్ పాసైనప్పుడు కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రాసిన బుద్ధుడి చరిత్రను బహుమతిగా ఇచ్చారు. బరోడా మహారాజు శాయాజీరావు ఉపకార వేతనంతో అతను 1912లో బి.ఎ. పూర్తి చేసి, 1913లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు.

చదువు గాయాన్ని పూర్తిగా మాన్పలేదు. 1917లో బరోడా కొలువులో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. కులం బయటపడటంతో పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకుని వెళ్లగొట్టారు.

అయితే ఆయన ఆ బాధను పనిగా మలిచారు. 1925లో ఆయన స్థాపించిన సభ షోలాపూర్‌లో దళిత విద్యార్థులకు వసతి గృహం తెరిచింది. మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా మగ్గాలు నేసిన ఊరు అది. 1927 మార్చి 20న మహాడ్‌లో వేలమందితో నడిచి చవదార్ చెరువు నీళ్లు దోసిటితో తాగారు. కుళాయి ముట్టనివ్వని పిల్లవాడు తీసుకున్న నీళ్లవి. తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. ఆ రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. బావులు, చెరువులు అందరివీ అని 15వ అధికరణం చెప్పింది. మనలాంటి భాషా అల్పసంఖ్యాకులు తమ బడులు నడుపుకునే హక్కు 30వ అధికరణంలో ఉంది. 1956 డిసెంబరు 6న ఆయన తుదిశ్వాస విడిచారు.

నేడు గోనెపట్టాలు లేవు. కులం, పేదరికం పిల్లల్ని వేరుచేయడం మాత్రం ఆగలేదు. ఫీజు కట్టని పేర్లు తరగతిలో గట్టిగా చదవడం, చిరిగిన చొక్కాకు నవ్వడం, అన్నం దగ్గర ఎవరో ఒకరు విడిగా కూర్చోవడం చూస్తూనే ఉన్నాం. వెనక బెంచీలో మాట్లాడని పిల్ల, ఉన్నట్టుండి బడి మానేసే పిల్లవాడు, కారణం లేకుండా కోప్పడేవాడు మనకు ఏదో చెబుతున్నారు. అందరూ అంబేడ్కర్లు కాలేరు, కానక్కర్లేదు కూడా. మధ్యాహ్నం అన్నం వేళ ఎవరు ఒంటరిగా తింటున్నారో చూసి, పక్కన వెళ్లి కూర్చోవడం ప్రతి ఉపాధ్యాయుడికీ సాధ్యమే.