గ్లాడ్‌స్టను దొరయు నేపిల్సు చెఱసాలలును

దుష్పరిపాలనచే నలఁగుచున్న ప్రజలకు వెలుపలివాఁడు తోడ్పడఁగలఁడా యను సంశయము పెక్కండ్రకుఁ గలదు. దానికై మేము గ్లాడ్‌స్టను (1809-1898) చరిత్రమునం దొక భాగమును బరిశీలించుచున్నారము. ఆయన నాలుగు మాఱులు ఇంగ్లాండునకుఁ బ్రధానమంత్రి యయ్యె నన్నది యెల్లరు నెఱిఁగినదే.

1850వ సంవత్సరాంతమునఁ గుమార్తె నేత్రవ్యాధి కారణముగా నాయన సకుటుంబముగ నేపిల్సునకుఁ బోయెను. అప్పటి కాయన పూర్వాచారపక్షమువాఁడు; తిరుగుబాటులన్న గిట్టనివాఁడు. ఆ దేశపు రాజగు రెండవ ఫెర్డినాండు 1848లో రాజ్యాంగము నొసఁగి, పిదప దానిని ద్రోసిపుచ్చి, దానిని నమ్మినవారిని జెఱసాలలలో నింపుచుండెను. ఆ రాజ్యాంగము క్రింద మంత్రిగా నుండిన కార్లో పోయేరియోపై రాజద్రోహాభియోగము విచారింపఁబడుచుండఁగా గ్లాడ్‌స్టను న్యాయస్థానమునఁ గూర్చుండి వినెను. వేగులవాని సాక్ష్యమును నమ్మి యిరువదినాలుగేండ్లు సంకెలలతోడి శిక్ష విధించిరి. న్యాయవాదవృత్తిలోనున్న మాకు, న్యాయస్థానము పేర జరిగిన యీ యన్యాయము బహిరంగహింసకంటె హేయముగాఁ దోఁచుచున్నది.

1851 ఫిబ్రవరిలో నాయన నిసీడా చెఱసాలకుఁ బోయి, ఇద్దఱిద్దఱుగా నొకే గొలుసునఁ గట్టఁబడి, రేయింబవళ్లు ఆ గొలుసుతోనే యుండు ఖైదీలలోఁ బోయేరియోను జూచెను. స్వదేశమునకు మరలి ఆబర్డీను ప్రభువునకు లేఖ వ్రాసెను. ఆ ప్రభువు రహస్యముగాఁ జెప్పి చూతమనెను. నెలలు గడచెనేగాని ఫలము లేకపోయెను. జూలైలో లేఖలు ప్రకటితములయ్యెను. ప్రతిపక్షమువాఁడైనను విదేశాంగమంత్రి పామర్‌స్టను వాని ప్రతులను ఐరోపా రాజాస్థానములకుఁ బంపించెను. నేపిల్సువారు ఖండనము ప్రకటింపఁగా, గ్లాడ్‌స్టను తాను బొరపడిన కొన్ని యంశముల నొప్పుకొని, తక్కినవానిని నిలువఁబెట్టెను. తప్పొప్పుకొన్న సాక్షి మాట కెట్టి బలముండునో న్యాయస్థానము లెఱిఁగినవారికిఁ జెప్పనక్కఱలేదు.

అయినను సంకెలలు వీడలేదు. 1856లో నింగ్లాండును ఫ్రాన్సును రాయబారులను మరలించుకొన్నను వీడలేదు. వెలుపలివాఁడు తలుపు తీయలేఁడు. లోనిచీఁకటిని లోకమునకుఁ జూపఁగలఁడు. అంతకు మించఁబోయిన నేమగునో యీ గ్లాడ్‌స్టనే చూపెను: 1882లో నాయన ప్రభుత్వము అలెగ్జాండ్రియాపై ఫిరంగులు ప్రేల్చి, ఈజిప్టు నాక్రమించెను. సాక్షిగా నిలిచిన గ్లాడ్‌స్టనును, సేనలఁ బంపిన గ్లాడ్‌స్టనును ఒక్కత్రాసునఁ దూఁచుటకు మేము సమ్మతింపము.

1859లో ఫెర్డినాండు, పోయేరియో మొదలగు 66గురు ఖైదీలను అమెరికాకు దేశాంతరవాసులుగఁ బంపెను. వారిలో నొకఁడగు సెట్టెంబ్రీని కుమారుఁడు నావికుఁడు; మాఱువేషమున నాయోడ నెక్కి, దానిని ఐర్లండునకుఁ ద్రిప్పించెను. మఱుసటియేఁట గరిబాల్డీ నేపిల్సు బ్రవేశించెను. పోయేరియో ఇటలీ శాసనసభలో సభ్యుఁడై 1867లోఁ గాలధర్మము నొందెను.