దోర్నకల్ బిషప్ అజరయ్యగారు

ఆదివారమునాడు ఒకే దేవాలయమున ప్రక్కప్రక్కను కూర్చుండి, ఒకే కీర్తన పాడి, వెలుపలికి వచ్చిన తోడనే ఎవరి వీధికి వారు, ఎవరి బంధువులతో వారు వెడలిపోవుట మన సంఘములలో క్రొత్త సంగతి కాదు. కూడుకొనుట వేఱు, సహవాసము వేఱు. ఈ రెంటికిని గల భేదమును బాగుగ నెఱిగి, మన తెలుగు సంఘములకు మాటతోను నడవడితోను నేర్పిన మహనీయులు బిషప్ వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు. వారి జీవిత చరిత్రమును మన విద్యార్థుల నిమిత్తము సంగ్రహముగా వ్రాయుచున్నాము.

అజరయ్యగారు 1874 సం॥ ఆగష్టు 17 తేదీన తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాళన్‌విళై యను పల్లెలో జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకముగారు సంఘ గురువు. తల్లి పేరు ఎల్లెనమ్మగారు. వీరి కుటుంబము నాడారు కులమునకు చెందినది. ఆ దేశమున ఆ దినములలో అగ్రకులముల వారు నాడారులను దూరముగ నుంచుచుండిరి. కావున మనుష్యుని మనుష్యుడు దూరముంచుట యెట్టి బాధయో అజరయ్యగారికి పుస్తకములు చెప్పవలసిన పనిలేదు. మిషను పాఠశాలలలోను, పిమ్మట చెన్నపట్టణపు క్రైస్తవ కళాశాలలోను చదివి, 1895 సం॥లో వై. యం. సి. ఏ. సమాజమున కార్యదర్శిగా చేరిరి. 1898 సం॥లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహమాడిరి. ఆ కాలమున కళాశాల చదువు చదివిన క్రైస్తవ స్త్రీలు దక్షిణ దేశమున బహు కొద్దిమంది; ఈమె వారిలో నొకరు.

1902 సం॥లో వారు సింహళద్వీపమందలి యాళ్పాణమునకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ధనముతో సువార్త సేవకులను అన్య ప్రదేశములకు పంపుచుండుట చూచి, అంతకంటె పెద్దదైన తమ తిరునల్వేలి సంఘము అట్టి పనికి పూనుకొనలేదని సిగ్గుపడిరి. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 12 తేదీన పాళయంకోటలో స్వదేశ మిషను సంఘము స్థాపింపబడెను. పంపబడువారు భారతీయులు, ధనము భారతీయులది, నిర్వహణము భారతీయులది కావలెనని దాని నియమము. వారు ఏర్పరచుకొన్న క్షేత్రము నైజాము రాష్ట్రమందలి దోర్నకల్ ప్రాంతము. 1905 సం॥ క్రిస్మస్ దినమున శ్రీరాంపురములో జాతీయ మిషనరీ సంఘము స్థాపింపబడినప్పుడును అజరయ్యగారు ముందు నిలిచిరి.

ఇతరులను దూరదేశములకు పంపుచు, తాను పట్టణమున కార్యదర్శిగా నుండుట వారి మనస్సునకు సమ్మతము కాలేదు. ఆ ఉద్యోగమును విడిచి, 1909 సం॥లో గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్‌కు వచ్చిరి. అప్పుడది రైలుస్టేషను గల చిన్న గ్రామము. తమిళుడైన ఆయనకు తెలుగు పరభాష. కావున నలువదేండ్లకు సమీపించుచున్న వయస్సున మరల అక్షరములు దిద్దుకొనిరి.

1910 సం॥ జూన్ మాసమున స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. 1200 మందికి పైగా ప్రతినిధులు కూడిన ఆ సభలో ఆసియా ఖండము వారు 20 మందికి లోపే. వారిలో అజరయ్యగారొకరు. వయస్సు 35 సంవత్సరములు. మిషనరీలకును దేశీయ పనివారికిని గల సంబంధమును గూర్చి మాటలాడుమని వారికి అవకాశ మియ్యబడెను. వారు మిషనరీల త్యాగమును మెచ్చుకొనిరి. ఆస్తిని, దేహమును, తుదకు ప్రాణమును సయితము భారతదేశమునకై యిచ్చిన వారున్నారని ఒప్పుకొనిరి. అయినను వారి యొద్ద భారతీయులకు దొరకనిది ఒకటి కలదనియు, అది స్నేహమనియు నిర్భయముగ చెప్పిరి. ఒకే ప్రభువును సేవించు దొరగారును దేశీయ పనివాడును ఏండ్ల తరబడి కలిసి పనిచేసియు, ఒకరి యింట నొకరు భోజనము చేయకుండుట, దొర యజమానుడుగాను ఉపదేశి జీతగాడుగాను మిగిలిపోవుట సభ ముందుంచిరి. కొందరు సంతసించిరి, కొందరు నొచ్చుకొనిరి. ఆ ప్రసంగము నేటివరకును జ్ఞాపకము చేసికొనబడుచున్నది.

మన మిచ్చట ఒక సంగతి గమనింపవలెను. అన్యాయమును ఎత్తిచూపి కూర్చుండుట సులభము. అనేకులు అంతటితో ఆగుదురు. అజరయ్యగారు దోర్నకల్‌కు మరలి వచ్చిరి. తాము పశ్చిమ దేశీయులను అడిగిన స్నేహమును తామే ఇయ్యవలసిన వారు ఇచ్చట వారి యెదుటనే యుండిరి. వారెవరనగా, ఊరి వెలుపల నివసించు మాలలు, మాదిగలు.

1912 సం॥ డిశంబరు 29 తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో అజరయ్యగారు బిషప్‌గా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమున భారతీయుడు బిషప్ అగుట అదియే ప్రథమము. దీనికై మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు బహుగ పాటుపడిరి. భారతీయుని క్రింద తెల్లవారు పనిచేయుట యెట్లని కొందరు మిషనరీలు సంశయించిరి. భారతీయ క్రైస్తవులలోను కొందరు ఆటంకము చెప్పిరి. మొదట చిన్నదిగా నున్న దోర్నకల్ అధ్యక్ష మండలము, తరువాత బందరు, బెజవాడ ప్రాంతముల సంఘములును చేరుటచే విశాలమాయెను. అప్పుడు ఆంగ్లేయ మిషనరీలనేకులు ఆయన ఆజ్ఞకు లోబడి పనిచేసిరి. వారిని జీతగాండ్రుగా గాక తోడి సేవకులుగా చూచి, ఎడింబరోలో తాము కోరినదేదో దానినే వారికి చూపిరి.

బిషప్‌గారు ఎడ్లబండి మీదను, బైసికిలు మీదను పల్లెపల్లెకు తిరుగుచుండిరి. మాలపల్లెకును మాదిగపల్లెకును నడుమ గల ఎడము మన పాఠకులకు తెలియనిది కాదు. రెండు పల్లెలును ఊరివారి చేత త్రోసివేయబడినవే. అయినను ఒకరి నీరు మరియొకరు త్రాగరు, ఒకరి పంక్తిని మరియొకరు కూర్చుండరు. బాప్తిస్మము పొందిన తరువాత సయితము ఈ గోడ తనంతట తాను కూలదు. బిషప్‌గారు ఈ విషయమున రాజీపడలేదు. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో పాలుపుచ్చుకొను వారు తమ యిండ్ల బల్లలయొద్ద వేరగుట కూడదని బోధించిరి. ఈ పని వారి జీవితకాలమున సంపూర్తి కాలేదు. నేటికిని సంపూర్తి కాలేదని మనము సిగ్గుతో ఒప్పుకొనవలెను.

సహవాసమున ప్రతివానికిని పని యుండవలెనని వారి మతము. బాప్తిస్మము పొందువారు తమ చేతిని తమ తలపై నుంచుకొని, సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమయని పలుకునట్లు నేర్పిరి. అక్షరము రాని కూలివాడును ఆ దినము నుండియే సాక్షి. ధనము లేనివారు కోడినో, ధాన్యమునో, వంటకు తీసిన బియ్యములో పిడికెడో దేవునికి తెచ్చిరి. పుచ్చుకొనుటయే ఎఱిగిన బీదవాడు ఇచ్చువాడైనప్పుడు సంఘమున తలయెత్తి కూర్చుండును. దోర్నకల్ వేదపాఠశాలలో విద్యార్థులతోపాటు వారి భార్యలకును శిక్షణ మియ్యబడెను. ఆ పనిలో అజరయ్యమ్మగారి శ్రమ గొప్పది. 1930 నాటి తరువాత అనేక గ్రామములలో అగ్రకులముల వారు సయితము, తమ పొలములలో పనిచేయు ఈ బీద క్రైస్తవుల నడవడిలోని మార్పును చూచి బాప్తిస్మము కోరిరి.

దోర్నకల్‌లోని ఎపిఫనీ కెథెడ్రల్ ఈ తలంపులకు రాతిరూపము. 1939 సం॥ జనవరి 6 తేదీన అది ప్రతిష్ఠింపబడెను. దానియందు హైందవ దేవాలయముల స్తంభముల రీతియు, మహమ్మదీయుల గుమ్మటముల రీతియు క్రైస్తవ ఆరాధనకు కూడివచ్చినవి. ఈ దేశపు వాడెవడును పరాయి యింటికి వచ్చితినని అనుకొనరాదని వారి కోరిక.

1932 సం॥లో ప్రభుత్వము వారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గముల నేర్పరచినప్పుడు, అనేకులు లాభమని యెంచగా, అజరయ్యగారు దాని నిరాకరించిరి. సంఘము ఓట్లు లెక్కించుకొను మరియొక కులముగా మారునని వారి భయము. సహవాసమునకు గోడలు కట్టినచో అది సహవాసము కానేరదు.

సంఘముల ఐక్యతకై 1919 సం॥ మే నెలలో తరంగంబాడిలో జరిగిన కూటమున అజరయ్యగారు ముఖ్యులు. అప్పటినుండి ఇరువది యైదేండ్లు ఆ పనికై పాటుపడి, ఫలము చూడకమునుపే 1945 సం॥ జనవరి 1 తేదీన దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించిరి. 1947 సం॥ సెప్టెంబరు 27 తేదీన చెన్నపట్టణమున దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను.

విద్యార్థులారా, మనకు స్నేహితులు లేరని, మనల నెవరును పిలువలేదని మూల కూర్చుండి దుఃఖపడుట కలదు. అజరయ్యగారికిని ఆ దుఃఖము తెలియును. దానిని పెద్దల సభలో దాచక చెప్పిరి. అయితే పిలుపు కొరకు వేచియుండక, తామే లేచి తమకంటె దూరముగ నున్నవానిని పిలిచిరి. మన వసతి గృహపు పంక్తిలో ఎవని ప్రక్క చోటు ఖాళీగా నున్నదో ఈ సాయంకాలమే చూతము గాక. తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మన యిండ్ల బల్లయొద్ద ఇంతవరకు కూర్చుండనివారెవరో మనమును లెక్కించుకొందము. సంఘము అచ్చటనే ప్రారంభమగును.