తరిగొండ వెంగమాంబ

రాయలసీమయందలి తరిగొండలో 1730 ప్రాంతమున జన్మించిన వెంగమాంబ బాల్యముననే భర్తను గోల్పోయెను. శిరోముండనమునకు సమ్మతింపనందున నిందల పాలయ్యెను. మదనపల్లె వాస్తవ్యులు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు ఆమెకు యోగమార్గము నుపదేశించిరి. గ్రామమందలి నృసింహాలయమున, ఆంజనేయవిగ్రహము వెనుక కూర్చుండి ఆమె ధ్యానము చేసెడిదని ప్రతీతి.

అనంతరము రాజయోగసారమను ద్విపదకృతికి ఆమె భాగవత తృతీయస్కంధమందలి కపిలదేవహూతి సంవాదమును గైకొనెను. ఇది కాకతాళీయమా? కర్దముడు సన్న్యసించి వనమున కేగగా, దేవహూతి కన్నకొడుకునే గురువుగా నాశ్రయించెను. బంధమునకైనను మోక్షమునకైనను మనస్సే కారణమని కపిలు డామెకు బోధించెను. ఆ తల్లి వేదన వెంగమాంబకు క్రొత్తది కాదు. లోకము శిరస్సును జూచి వాదులాడుచుండగా ఆమె మనస్సును జూచుకొనినది.

పిమ్మట తిరుమల చేరి, తుంబురుకోనలో తపమాచరించి, 1817లో ఆ కొండమీదనే సమాధి చెందెను. ఏకాంతసేవావేళ స్వామికి ముత్యాలహారతి నేటికిని ఆమె పేరనే జరుగుచున్నది.