లెన్సులకు ఉమ్మడి కొలత: ఆస్కార్ బార్నాక్ వారసత్వం

ఒక సంస్థ కెమెరాకు మరో సంస్థ లెన్స్‌ను అమర్చుకోవడం నేడు సాధారణం. ఆ వెసులుబాటుకు తొలినాళ్లలో బాట వేసినవారిలో జర్మన్ యంత్ర నిపుణుడు ఆస్కార్ బార్నాక్ ముఖ్యుడు.

1879 నవంబరు 1న బ్రాండెన్‌బర్గ్ ప్రాంతంలోని లినోవ్‌లో జన్మించిన బార్నాక్, 1911లో వెట్జ్‌లార్‌లోని లైట్జ్ సంస్థలో చేరారు. ఉబ్బసం కారణంగా బరువైన కెమెరాలు మోయలేక, సినిమా ఫిల్ముతో పనిచేసే చిన్న కెమెరాను రూపొందించారు. అది 1925లో లైకా పేరిట విడుదలైంది.

1930లో లెన్స్ మార్చుకునే లైకా వచ్చినా, ప్రతి లెన్స్‌నూ ఆయా కెమెరాకు విడిగా సరిచేయాల్సి వచ్చేది. 1931లో లెన్స్ ఆనే అంచు నుంచి ఫిల్ము వరకు దూరాన్ని 28.8 మిల్లీమీటర్లుగా స్థిరపరిచారు. దాంతో 39 మిల్లీమీటర్ల మర కలిగిన లెన్స్ ఒక కెమెరా నుంచి మరోదానికి మారగలిగింది.

1936 జనవరి 16న బార్నాక్ మరణించారు. రెండో ప్రపంచ యుద్ధానంతరం జర్మన్ పేటెంట్లు విదేశాల్లో రక్షణ కోల్పోవడంతో, జపాన్ సంస్థలు లైట్జ్ అనుమతితో నిమిత్తం లేకుండా ఆ కొలతకు లెన్సులు విరివిగా తయారుచేశాయి. 1950లో కొరియా యుద్ధాన్ని చిత్రీకరించిన డేవిడ్ డగ్లస్ డంకన్ తన లైకాకు జపాన్ నిక్కోర్ లెన్సులనే అమర్చుకున్నారు. ఆ మరకు సరిపోయే లెన్సులు నేటికీ తయారవుతున్నాయి.