వజ్రాల వెలుగు చూసిన అన్నా మణి

అన్నా మణి గారు 1918 ఆగస్టు 23న ఇప్పటి కేరళలోని పీర్మేడులో పుట్టారు. వాళ్లింట్లో ఆడపిల్లలకి ఎనిమిదో పుట్టినరోజున వజ్రాల కమ్మలు పెట్టడం ఆచారం. ఆమె కమ్మలు వద్దని పుస్తకాలు అడిగారంట.

వజ్రాలు మాత్రం ఆమెను వదల్లేదు. మద్రాసులో బీయస్సీ ఆనర్స్ చదివి, 1940లో బెంగళూరులో సి.వి. రామన్ గారి దగ్గర పరిశోధనలో చేరారు. కొన్ని వజ్రాల మీద కంటికి కనపడని అతినీలలోహిత కాంతి పడితే అవి నీలంగానో, పచ్చగానో వెలుగుతాయి. దీన్నే ప్రతిదీప్తి అంటారు. ఆ వెలుగు చాలా సన్నది. ఫోటో ప్లేటు మీద పడాలంటే 15, 20 గంటలు పట్టేది. అందుకని చాలాసార్లు ల్యాబులోనే పడుకునేవారు. ఆ వెలుగుని రంగులుగా విడదీసి చూస్తే, కోయకుండానే రాయి లోపలి సంగతి తెలుస్తుంది. మనం తినే గుడ్డులోని ప్రోటీన్లను కూడా ఇప్పుడు శాస్త్రవేత్తలు ఇలాగే వెలిగించి చూస్తున్నారు.

1945లో ఆమె థీసిస్ ఇచ్చారు. ఎమ్మెస్సీ లేదని మద్రాసు యూనివర్సిటీ డాక్టరేట్ ఇవ్వలేదు. అయినా ఆమె ఆగలేదు. లండన్ వెళ్లి వాతావరణ పరికరాల పని నేర్చుకుని, 1948లో భారత వాతావరణ శాఖలో చేరారు. సుమారు 100 పరికరాలు మన దేశంలోనే తయారయ్యేలా నమూనా పటాలు సిద్ధం చేయించారు. 2001 ఆగస్టు 16న చనిపోయారు.

మా ఇంట్లో బడి మెట్టు ఎక్కింది నేనే మొదలు. పది అయితే చాలు, ఆడపిల్లకి ఇంకెందుకు అంటున్నారు. నాకైతే సైన్సు చదవాలని ఉంది. కాగితం ఇవ్వకపోయినా అన్నా మణి గారి చదువు ఎక్కడికీ పోలేదు. మనం మాత్రం చదువూ తెచ్చుకుందాం, కాగితమూ తెచ్చుకుందాం.