సమాధానమునకు బడి కట్టిన కూర్ట్ హాన్

సమాధానమును గూర్చిన ప్రసంగములు మనము తరచు వినుచున్నాము. పగవారి బిడ్డలను ఒకే కప్పు క్రింద ఉంచి ఆ సమాధానమును అభ్యాసము చేయించిన ఒక ఉపాధ్యాయుని జీవితము సంఘ సభ్యులకు మేలుకరమని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కూర్ట్ హాన్ గారు 1886 జూన్ 5న బెర్లిన్ నగరమున యూదు కుటుంబములో జన్మించిరి. యౌవనమున వడదెబ్బ తగులుటచే ఎండ వేడిమికి తాళలేని బలహీనత వారికి జీవితాంతము మిగిలెను. ఆక్స్‌ఫర్డులోను, జర్మనీ విశ్వవిద్యాలయములలోను చదివిరి. 1918లో, మొదటి ప్రపంచ యుద్ధపు చివరి దినములలో, జర్మనీ ప్రధానియైన మాక్స్ రాకుమారునికి కార్యదర్శిగా నుండిరి. ఓడి కృంగిన దేశమును పిల్లల ద్వారానే లేవనెత్తవలెనని ఇరువురును తలంచి, 1920లో రాకుమారుని కోటలోనే సాలెం అను వసతి పాఠశాలను తెరచిరి. ఆ కోట పూర్వము సన్యాసుల మఠము. సాలెం అనగా మన బైబిలులోని షాలేమే. సమాధానమని దాని అర్థము.

ఆ పేరునకు 1932లో పరీక్ష వచ్చెను. పోటెంపా అను గ్రామములో నాజీలు ఒక కార్మికుని అతని తల్లి యెదుటనే చంపిరి. మరణశిక్ష పడిన ఆ హంతకులను హిట్లరు బహిరంగముగా సమర్థించెను. హాన్ గారు ఊరకుండలేదు. హిట్లరో, సాలెమో, రెంటిలో ఒకదానిని విడువుడని పూర్వ విద్యార్థులకు లేఖ వ్రాసిరి. 1933 మార్చిలో చెరసాల పాలైరి. బ్రిటిషు ప్రధాని రామ్సే మాక్డొనాల్డు గారి జోక్యముతో విడుదల పొంది, జూలైలో పరదేశియై బ్రిటన్ చేరిరి.

అక్కడ 1934లో స్కాట్లండు సముద్రతీరమున గోర్డన్‌స్టన్ పాఠశాలను స్థాపించిరి. పుస్తకములతో పాటు తీరమున కావలి కాయుట, ఆపదలోనున్నవారిని రక్షించుట విద్యార్థులకు నేర్పిరి. మంచి సమరయుని ఉపమానము వారికి మిక్కిలి ప్రియమైనది. 1945లో బాప్తిస్మము పొంది ఆంగ్లికన్ సంఘములో చేరిరి.

1955లో వారు పారిస్‌లోని నాటో రక్షణ కళాశాలకు వెళ్లిరి. పదేండ్ల క్రితము ఒకరి నొకరు చంపుకొనిన దేశముల అధికారులు అక్కడ కలిసి పనిచేయుట చూచిరి. పెద్దలకు సాధ్యమైనది పిల్లలకేల కాదు? ఈ తలంపు ఫలించి 1962లో వేల్సులోని సెయింట్ డొనాట్స్ కోటలో అట్లాంటిక్ కళాశాల ఆరంభమాయెను. వివిధ దేశముల యువకులు అక్కడ ఒకే గదిలో నిద్రించి, ఒకే బల్లయొద్ద భుజించి, సముద్రములో చిక్కుకొనినవారిని రక్షించుటకు కలిసి పడవలు నడిపిరి. 1967 నుండి బాలికలు కూడ చేరిరి.

హాన్ గారు 1974 డిసెంబరు 14న సాలెం సమీపమున కన్నుమూసిరి. యునైటెడ్ వరల్డ్ కాలేజీలను పేర వారి తలంపు అనేక దేశములకు వ్యాపించినది. 1997లో మన దేశమున పూణె సమీపమునను, 2006లో యుద్ధముచే చీలిపోయిన బోస్నియాలోని మోస్టార్ నగరమునను అట్టి విద్యాలయములు తెరువబడినవి.

మునిగిపోవువానిని లాగుటకు చేయి చాచినప్పుడు ప్రక్కవాని దేశమేదని ఎవరును అడుగరు. హాన్ గారి జీవితమున మేము నేర్చుకొనినది ఇదియే. వేర్వేరు ఊళ్ల, వేర్వేరు కులముల పిల్లలు ఒకే వరుసలో కూర్చుండి అన్నము తినిన మన మిషను బోర్డింగులు మనకును ఈ పాఠమే నేర్పినవి. ప్రియులారా, మన యౌవనస్థులకు సమాధానమును గూర్చి చెప్పుటతో ఆగక, కలిసి చేయదగిన సేవను వారి చేతికిత్తము.