సాయంకాలపు బడి: పండిత రఘునాథ్ ముర్ము జీవితం

ఈ పాఠం చదివాక మీరు:
1. సంతాలీ భాషకు లిపిని రూపొందించిన రఘునాథ్ ముర్ము జీవితాన్ని మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు.
2. బడి వేళలు ముగిశాక జరిగే చదువు ఎందుకు అవసరమో వివరించగలుగుతారు.
3. అలాంటి చదువు చెప్పేవారికి మీ ఊళ్ళో ఏ విధంగా తోడ్పడవచ్చో ఆలోచించగలుగుతారు.

ప్రవేశం

మీరు ఈ పుస్తకాన్ని ఏ వేళలో చదువుతున్నారు? బహుశా పగలంతా పొలంలోనో, కార్ఖానాలోనో, దుకాణంలోనో, ఇంట్లోనో పని చేసి, సాయంత్రం కాస్త తీరిక దొరికాక చదువుతూ ఉంటారు. అర్థం కాని చోట ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పి ఉంటారు. ఆ చెప్పినవారికి జీతం ఉండకపోవచ్చు. వారి పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండకపోవచ్చు. అయినా వారు చెప్పింది చదువే.

బడి గంట కొట్టిన తరువాత జరిగే ఇలాంటి చదువు ఒక భాషకు అక్షరాలనే నిలబెట్టింది. ఆ అక్షరాలు చేసిన మనిషి ఒక బడిపంతులు. వాటిని ఊరూరికీ చేర్చినవారు ఎక్కువ మంది పేరు తెలియని సామాన్యులు. ఆ కథలో జంషెడ్‌పూర్ ఉక్కు నగరానికి కూడా చోటు ఉంది.

1. బాల్యం

రఘునాథ్ ముర్ము 1905 మే 5న జన్మించారు. ఊరు దండబోస్. అది అప్పటి మయూర్‌భంజ్ సంస్థానంలో రాయ్‌రంగ్‌పూర్ దగ్గర ఉంది. ఇప్పుడు ఆ ప్రాంతం ఒడిశా రాష్ట్రంలో ఉంది. తండ్రి పేరు నందలాల్ ముర్ము. వారు సంతాల్ తెగవారు. ఇంట్లో మాట్లాడేది సంతాలీ భాష.

ఏడేళ్ళ వయసులో ఆయనను బడిలో వేశారు. బడిలో పంతులుగారు చెప్పేది ఒరియాలో. పిల్లవాడికి తెలిసింది సంతాలీ. పాఠం వినపడేది గాని అర్థమయ్యేది కాదు. మన భాషలో ఎందుకు చెప్పరు అని ఆయన ఇంట్లో అడిగారని, మన భాషకు అక్షరాలు లేవు గనుక అని పెద్దలు జవాబిచ్చారని ఆయన జీవితం గురించి చెప్పేవారు అంటారు. ఆ జవాబు ఆయన మనసులో నాటుకుపోయింది.

సంతాల్ పిల్లలు చాలామంది అప్పట్లో బడి మానేసేవారు. వారికి తెలివి లేక కాదు. బడిలోని మాట వారిది కాకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. రఘునాథ్ మాత్రం పట్టుదలగా చదివారు. బారిపదలోని ఉన్నత పాఠశాలలో చదివి మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు.

పాఠగత ప్రశ్న: బాల్యంలో రఘునాథ్‌కు బడిలో ఎదురైన ఇబ్బంది ఏమిటి? అలాంటి ఇబ్బంది మీకు గాని మీ పిల్లలకు గాని ఎదురైందా?

2. ముప్పై అక్షరాలు

సంతాలీ మాట్లాడేవారు ఒక్క చోట లేరు. ఇప్పటి ఝార్ఖండ్, ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్, అస్సాం రాష్ట్రాల్లో విస్తరించి ఉన్నారు. ఒక ప్రాంతంవారు సంతాలీని బెంగాలీ అక్షరాలతో రాసేవారు. ఇంకొక చోట ఒరియా అక్షరాలతో, మరొక చోట దేవనాగరితో, క్రైస్తవ మిషనరీలు రోమన్ అక్షరాలతో రాసేవారు. అందువల్ల ఒక విచిత్రమైన స్థితి ఏర్పడింది. ఇద్దరు సంతాల్‌లు ఎదురుపడితే హాయిగా మాట్లాడుకోగలరు. ఒకరు రాసిన ఉత్తరం మాత్రం ఇంకొకరు చదవలేరు.

ఈ ఇబ్బందిని తీర్చడానికి రఘునాథ్ ముర్ము 1925లో, ఇరవై ఏళ్ళ వయసులో, ఒక కొత్త లిపిని తయారు చేశారు. దాని పేరు ఒల్ చికి. ఒల్ అంటే రాత, చికి అంటే గుర్తు.

ఈ లిపిలో 30 అక్షరాలు ఉన్నాయి. ఆరు వరుసలు, ఒక్కొక్క వరుసలో ఐదు అక్షరాలు. ప్రతి వరుసలోనూ మొదటిది అచ్చు, మిగిలిన నాలుగు హల్లులు. తెలుగులో మనం హల్లుకు గుణింతపు గుర్తులు చేరుస్తాం. ఒల్ చికిలో గుణింతాలు లేవు. అచ్చును కూడా హల్లు పక్కనే విడి అక్షరంగా రాస్తారు.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. చాలా అక్షరాల పేర్లు, ఆకారాలు సంతాల్‌ల రోజువారీ బతుకులోంచి వచ్చాయి. ఒత్ అనే అక్షరం పేరుకు భూమి అని అర్థం. ఉద్ అంటే పుట్టగొడుగు. ఇర్ అనేది కొడవలితో కోయడానికి సంబంధించిన మాట. చేను, అడవి తెలిసిన మనిషికి ఈ అక్షరాలు త్వరగా గుర్తుంటాయి. పెద్దవారికి చదువు చెప్పేవారు గమనించవలసిన విషయం ఇది. తెలిసిన దాని నుంచి తెలియని దానికి తీసుకుపోవడమే మంచి బోధన.

పాఠగత ప్రశ్న: ఒకే భాష మాట్లాడే ఇద్దరు ఒకరి ఉత్తరం ఒకరు ఎందుకు చదవలేకపోయారు?

3. పంతులు పని, ఆ తరువాతి పని

రఘునాథ్ ముర్ము కొంతకాలం చేతిపనుల శిక్షణ పొందారు. నేతపని నేర్చుకున్నారు. బారిపదలోని వృత్తి విద్యా సంస్థలో శిక్షకుడుగా పనిచేశారు. తరువాత బడామ్‌తోలియా ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యారు. ఆపైన రాయ్‌రంగ్‌పూర్‌లో ప్రధానోపాధ్యాయుడుగా ఉన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. బడిలో ఆయన ప్రభుత్వం నిర్ణయించిన పాఠాలే చెప్పాలి. ఒల్ చికి ఆ పాఠాల్లో లేదు. తన అక్షరాలు నేర్పాలంటే ఆయనకు మిగిలింది ఉద్యోగం వేళ దాటాక దొరికే సమయమే. పుస్తకాలు రాయడం, అక్షరాలు దిద్దించడం, ఊళ్ళు తిరిగి పెద్దలకు నచ్చజెప్పడం ఇవన్నీ ఆ సమయంలోనే జరగాలి. జీతం ఒక పనికి వచ్చింది. జీవితం రెండో పనికి ఖర్చయింది.

కొత్త అక్షరాలకు అచ్చు అచ్చులు ఎక్కడా దొరకవు. అందుకని ఆయన చెక్కతో అక్షరాలు చెక్కి, చేతితో నడిపే ముద్రణ యంత్రాన్ని స్వయంగా తయారు చేసుకున్నారు. 1939లో బారిపదలో జరిగిన సంస్థాన ప్రదర్శనలో దానిని చూపారు. చేతిపని నేర్చిన చెయ్యి చదువు పనికి ఇలా అక్కరకు వచ్చింది.

ఆయన అక్షరమాల పుస్తకం, వ్యాకరణం, లెక్కల పుస్తకం రాశారు. బిదూ చందన్, ఖేర్వాల్ బీర్ అనే నాటకాలు కూడా రాశారు. నాటకాలు ఎందుకు? చదవడం రాని ఊళ్ళో నాటకం వేస్తే అందరూ వస్తారు. చూసిన కథను చదువుకోవాలన్న కోరిక పుడుతుంది. ఆ కోరిక పుట్టాక అక్షరాలు నేర్పడం సులభం.

1946లో ఆయన ఉద్యోగం వదిలేశారు. ఇక పూర్తికాలం ఈ పనికే అంకితమయ్యారు.

పాఠగత ప్రశ్న: రఘునాథ్ ముర్ము నాటకాలు రాయడానికీ, చదువు నేర్పడానికీ ఉన్న సంబంధం ఏమిటి?

4. ఉక్కు నగరంలో ఒల్ చికి

జంషెడ్‌పూర్ పేరు మీరు వినే ఉంటారు. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కట్టిన కార్ఖానాలో 1912లో మొదటి ఉక్కు తయారైంది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. అప్పట్లో అది బీహారు ప్రాంతంలో ఉండేది. 2000 సంవత్సరం నుంచి ఝార్ఖండ్ రాష్ట్రంలో ఉంది. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి కూడా ఎన్నో కుటుంబాలు పని కోసం ఆ ఊరు వెళ్ళి స్థిరపడ్డాయి.

ఆ కార్ఖానాకు మొదట్లో ఇనుప ఖనిజం వచ్చింది మయూర్‌భంజ్‌లోని గోరుమహిసాని కొండల నుంచి. అది రఘునాథ్ ముర్ము పుట్టిన రాయ్‌రంగ్‌పూర్ ప్రాంతమే. ఖనిజం వెళ్ళిన దారిలోనే మనుషులూ పనికి వెళ్ళారు. బెంగాలు వైపు సంతాల్‌లు, ఒడిశా వైపు సంతాల్‌లు, బీహారు వైపు సంతాల్‌లు ఒకే కార్ఖానాలో కలుసుకున్నారు. వేరువేరు అక్షరాలతో పెరిగినవారు పక్కపక్క ఇళ్ళలో కాపురం పెట్టారు. అందరికీ ఒకే లిపి కావాలన్న అవసరం ఇలాంటి చోట బాగా తెలిసివస్తుంది.

రఘునాథ్ ముర్ము జంషెడ్‌పూర్ వచ్చి ఈ కార్మికుల మధ్య తిరిగారు. వారిలో చదువుకున్నవారు ముందుకు వచ్చారు. తమ సంపాదనలోంచి చందాలు వేసుకుని లోహపు అచ్చు అక్షరాలు పోయించడానికీ, ఒల్ చికిలో పత్రిక వేయడానికీ తోడ్పడ్డారు. డ్యూటీ ముగిశాక తోటివారికి, పిల్లలకు అక్షరాలు నేర్పినవారు కూడా ఇలాంటివారే.

క్రమంగా పల్లెల్లోనూ బస్తీల్లోనూ ఒల్ చికి నేర్పే కేంద్రాలు వెలిశాయి. సంతాలీలో వీటిని ఇతున్ ఆస్డా అంటారు. అంటే చదువు నేర్చుకునే చోటు. పిల్లలు పగలు హిందీలోనో, ఒరియాలోనో, బెంగాలీలోనో చదువుతారు. ఖాళీ వేళల్లో వచ్చి తమ భాష రాయడం నేర్చుకుంటారు. నేర్పేవారు ఎక్కువగా ఆ ఊరి యువకులు, గృహిణులు, ఉద్యోగులు. కొందరికి కొద్దిపాటి గౌరవ వేతనం దొరికింది. చాలామందికి అదీ లేదు.

ఈ పని సులభంగా సాగలేదు. ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా అని తల్లిదండ్రులు అడగడం సహజం. చాలాకాలం పాటు ఆ అక్షరాలతో ప్రభుత్వ పరీక్ష లేదు. అలవాటైన లిపే చాలునని, రోమన్ అక్షరాలే మేలని వాదించిన సంతాల్‌లు కూడా ఉన్నారు. పిల్లలు రాని రోజు, పుస్తకాలు చాలని రోజు నేర్పేవారికి నిరుత్సాహం కలుగుతుంది. అయినా మళ్ళీ వారమూ తలుపు తీసిన వారుండబట్టే ఒల్ చికి నిలిచింది.

పాఠగత ప్రశ్న: అందరికీ ఒకే లిపి కావాలన్న అవసరం జంషెడ్‌పూర్ వంటి ఊళ్ళో ఎందుకు బాగా తెలిసివస్తుంది?

5. మన గిడుగు, వారి ముర్ము

ఈ కథ చదువుతుంటే తెలుగువారికి గిడుగు వెంకట రామమూర్తి గుర్తుకు వస్తారు. ఆయన 1863 నుంచి 1940 వరకు జీవించారు. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ, బడి పని ముగిశాక సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాష తెలిసినవారిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి శ్రమించారు. సవర పిల్లల కోసం పుస్తకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు పెట్టించారు.

సవర, సంతాలీ రెండూ ఒకే ముండా భాషా కుటుంబానికి చెందినవి. జంషెడ్‌పూర్ చుట్టుపక్కల వినిపించే హో భాష కూడా ఆ కుటుంబానిదే. గిడుగు తనది కాని భాష కోసం పనిచేశారు. ముర్ము తన సొంత భాష కోసం పనిచేశారు. ఇద్దరూ పంతుళ్ళే. ఇద్దరూ ఉద్యోగం కోరని పనికి తమ సాయంత్రాలు ఇచ్చారు.

6. ఫలితం

పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 1979లో ఒల్ చికిని గుర్తించింది. అప్పటికి లిపి పుట్టి 54 ఏళ్ళు గడిచాయి. రఘునాథ్ ముర్ము ఆ రోజు చూడగలిగారు. 1982 ఫిబ్రవరి 1న ఆయన మరణించారు.

తరువాతి విజయాలు ఆయన చూడలేదు. 2003లో రాజ్యాంగ సవరణ ద్వారా సంతాలీ భాష ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. 2008లో ఒల్ చికి అక్షరాలకు యూనికోడ్‌లో స్థానం దొరికింది. దానివల్ల కంప్యూటర్లలోనూ ఫోన్లలోనూ వాటిని రాయడం సాధ్యమైంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో సంతాలీ మాతృభాషగా ఉన్నవారు 73 లక్షలకు పైగా ఉన్నారు. జంషెడ్‌పూర్‌లో అధ్యాపకుడుగా పనిచేసిన దిగంబర్ హాంస్‌దా భారత రాజ్యాంగాన్ని సంతాలీలోకి అనువదించారు. ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది. 2025లో ఒల్ చికికి నూరేళ్ళు నిండాయి.

సంతాల్‌లు రఘునాథ్ ముర్మును గురు గోమ్‌కే అని పిలుస్తారు. ఏటా వైశాఖ పూర్ణిమ నాడు ఆయన జయంతి జరుపుకుంటారు. ఆ గౌరవం ఆయనకు తగినదే. అయితే 1925 నుంచి 1979 వరకు ఏ ప్రభుత్వ గుర్తింపూ లేని ఆ 54 ఏళ్ళలో అక్షరాలను బతికించింది ఎవరు? సాయంత్రం చాప పరిచి కూర్చున్నవారు. వారందరికీ విగ్రహాలు ఉండవు. కనుక మన ఊళ్ళో అలాంటివారు ఉన్నప్పుడే వారిని గుర్తించాలి. కూర్చోవడానికి చోటు, వెలుతురు, పలకలు, పుస్తకాలు, నెలకు కొంత పైకం, అప్పుడప్పుడు ఒక మంచి మాట. ఇవి పెద్ద సాయాలు కావు. కాని ఇవి లేక మూతపడిన సాయంకాలపు బడులు ఎన్నో ఉంటాయి.

సారాంశం

బడిపంతులుగా పనిచేసిన రఘునాథ్ ముర్ము సంతాలీ భాషకు ఒల్ చికి లిపిని రూపొందించారు. పుస్తకాలు, నాటకాలు రాసి, చెక్క యంత్రంపై అచ్చు వేసి దానిని ప్రచారం చేశారు. జంషెడ్‌పూర్ కార్మికులు, పల్లెల్లోని స్వచ్ఛంద బోధకులు బడి వేళ దాటాక దానిని నేర్పి నిలబెట్టారు. ప్రభుత్వ గుర్తింపు ఆ తరువాత వచ్చింది.

కొత్త మాటలు

లిపి: భాషను రాయడానికి వాడే అక్షరాల వరుస
సంస్థానం: బ్రిటిషువారి కాలంలో రాజు పాలనలో ఉన్న ప్రాంతం
గౌరవ వేతనం: సేవకు గుర్తుగా ఇచ్చే చిన్న మొత్తం
స్వచ్ఛందం: తన ఇష్టంతో చేసేది

అభ్యాసం

1. ఒల్ చికి లిపికీ తెలుగు లిపికీ ఉన్న ఒక తేడా రాయండి.
2. గిడుగు రామమూర్తికీ రఘునాథ్ ముర్ముకూ ఉన్న పోలికలు ఐదు వాక్యాల్లో రాయండి.
3. ఒల్ చికి నేర్పేవారికి ఎదురైన కష్టాలు ఏవి? వాటిలో ఒకదానిని మీరైతే ఎలా తీర్చేవారు?
4. చేసి చూడండి: మీకు గాని మీ వీధి పిల్లలకు గాని బడి వేళ కాని వేళలో చదువు చెప్పినవారు ఎవరైనా ఉన్నారా? వారిని కలవండి. వారికి ఏది అవసరమో అడిగి తెలుసుకోండి. వారి గురించి పది వాక్యాలు రాసి, మీ అధ్యయన కేంద్రంలో చదివి వినిపించండి.